సరిగ్గా కడగని కాగితం

ముందే చెప్పేస్తే మంచిది. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా ఇంట్లో పిల్లి పాలు తాగిపోతే, ఆ సంగతి నా నోట్లోంచి వీధిలోకి వచ్చేసరికి పిల్లి చిరుతపులి అవుతుంది, పాలగిన్నెకు బదులు బర్రె మాయమవుతుంది. మా ఆవిడ నేను చెప్పిన దేన్నయినా ముందు నాలుగో వంతుకు తగ్గించి, అందులో మళ్ళీ సగం తీసేసి, మిగిలింది వింటుంది. మీరూ ఆ లెక్కే పాటించండి. ఒక్క హెచ్చరిక మాత్రం. ఇందులో అబద్ధంలా కనిపించేవి చాలావరకు నిజాలు. అచ్చమైన నిజంలా కనిపించేది ఒకటి ఉంది, నేను కల్పించింది దాన్ని. అదేదో చివర నేనే ఒప్పుకుంటాను.

1957 ఎండాకాలం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఇంకా ఏడాది నిండలేదు. ప్రొద్దుటూరులో రెండు బంగారు అంగళ్ళ మధ్య ఇరుక్కుని నా కాగితాల అంగడి ఉండేది. దాని వెడల్పు ఎంతంటే, లావుపాటి గిరాకీ ఒకరు లోపలికొస్తే నేను వీధిలో నిలబడి బేరం చేయాలి. ముందు గదిలో కాగితం, వెనక గదిలో ట్రెడిల్. ట్రెడిల్ అంటే కాలితో తొక్కి నడిపే చిన్న అచ్చుయంత్రం. మనిషి చిన్నదైనా గొంతు పెద్దది. అది నడిచేటప్పుడు పక్క అంగట్లో త్రాసు అదిరి బంగారం దానంతటదే తూకం పెరుగుతుందని వీధిలో ఒక పుకారు ఉండేది. పుట్టించింది నేనే.

స్టేషనరీ అంగడి అంటే పలకలూ బలపాలూ అమ్మేదని చాలామంది అనుకుంటారు. అవి పూట గడవడానికి. నాకు ప్రాణమైన పని వేరు. శుభలేఖలు, బారసాల పిలుపులు, వ్యాపారస్థుల లెటర్‌హెడ్లు, చేత్తో మడిచి అంటించే కవర్లు. కాగితం ఎంచుకోవడం దగ్గర్నుంచి అంచుమీది తీగ దాకా అన్నీ నేనే ఊహించి తయారుచేసేవాణ్ణి. కొత్త కాగితం చేతికొస్తే మొదట చెవి దగ్గర ఆడించి దాని చప్పుడు వింటాను. తర్వాత వెలుతురుకు పట్టి చూస్తాను. ఎవరూ చూడకపోతే నాలుకతో కూడా తాకుతాను. గంజి ఎంత పట్టిందో కంటికన్నా నాలుకకే బాగా తెలుస్తుంది. ఈ నాలుక సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

అట్లాంటి ఒక పొద్దున పులివెందుల ఓబులేసు మా అంగట్లోకి వచ్చాడు. ఆయనకు అక్కడ శెనక్కాయల నూనె మిల్లు ఉంది. ఆయన పులివెందులలో దగ్గితే ముద్దనూరు స్టేషన్‌లో రైలు, గార్డు ఈల వేశాడనుకుని కదిలిపోయేది. అంత గొంతు.

"ఏమప్పా చెన్నకేశవా, దీన్ని చూడు" అని గల్లాపెట్టె మీద ఒక కార్డు కొట్టాడు.

చూశాను. మద్రాసు పని. ఎంబాసింగ్, అంటే అక్షరాలు వేలికి తగిలేటట్టు ఉబ్బెత్తుగా లేచే పని. పైన బంగారు పూత, పక్కన పట్టు కుచ్చు. ఆ కార్డు ముందు మా అంగడి మొత్తం చింపిరి జుట్టుతో నిలబడినట్టనిపించింది.

"బెజవాడ వియ్యంకుడు పంపించినాడు, సుబ్బారాయుడు గారు. మా పాప నాగరత్నమ్మను ఇచ్చేది ఆయన కొడుక్కే గదా. కబురేందో తెలుసునా? మీ వైపు ఇలాంటివి దొరకవేమో, మీ పేరుతో కావలసినవి కూడా మేమే మద్రాసులో వేయించి పంపుతామండీ, అన్యాడు. మర్యాదగానే అన్యాడు. ఆ మర్యాదే నాకు గుచ్చుకుంటాండాది."

"మంచి కార్డే అన్నా ఇది."

"మంచిదే గాబట్టే గదప్పా నా ఏడుపు! చెడ్డదైతే నవ్వి పారేస్తునే!"

సంగతి ఏమిటంటే, ఓబులేసు అప్పటికే ఒక మాట ఇచ్చేశాడు. లగ్నపత్రిక రాసేరోజు సుబ్బారాయుడు గారే పులివెందులకు వస్తున్నారు. ఆ రోజు మొదటి శుభలేఖకు పసుపు పెట్టేది ఆయన ముందరే. మన కార్డు ఆయనకు నచ్చితే సరే. నచ్చకపోతే ఓబులేసు నోరు మూసుకుని మద్రాసు కార్డులతోనే తన బంధువులను పిలవాలి.

"ఎందుకన్నా అంత మాట ఇచ్చినావు?"

"నోరుండాది గదా, వచ్చేసింది. నా బిడ్డ పెండ్లి పిలుపు బెజవాడోళ్ళు పంపించిందని నా మిల్లులో కూలోళ్ళు కూడా అనుకుంటారు. నేను మొగం యాడ పెట్టుకోవల్ల? నువ్వు కార్డు చేస్తావా, నన్ను సన్నాసుల్లో కలిపేస్తావా?"

ఆయనను ఏ మఠమూ భరించలేదని నాకు తెలుసు. అందుకని ఒప్పుకున్నాను.

ఒప్పుకున్న తర్వాత భయం పట్టుకుంది. నా దగ్గర బంగారు సిరా లేదు, ఎంబాసింగ్ యంత్రం లేదు. తళుకులో మద్రాసుతో పోటీ పడితే నవ్వులపాలవుతాం. మద్రాసులో దొరకని దానితో పోటీ పడాలి. అట్లాంటిది నాకు తెలిసి ఒకటే ఉంది. జమ్మలమడుగులో ఖాసిం మామ చేసే చేతికాగితం.

ఖాసిం మామ ఇల్లు పెన్న ఒడ్డున. మా ప్రొద్దుటూరు మిల్లుల్లో మిగిలిన దూది పిసరు, పాత నూలు పేలికలు ఆయనకు ముడిసరుకు. వాటిని సున్నం, చాకలిసోడా వేసి ఉడకబెడతాడు. దంచుతాడు. పారే నీళ్ళలో బాగా కడుగుతాడు. ఆ గుజ్జును తొట్టిలో కలిపి, సన్నటి జల్లెడ లాంటి చట్రాన్ని ముంచి పైకి లేపితే పలచటి పొర నిలుస్తుంది. అది ఆరితే కాగితం. దానికి గంజి పట్టించి నున్నటి గవ్వతో రుద్దుతాడు. ఆయన రుద్దిన కాగితం మీద ఈగ వాలితే కాళ్ళు జారి పడేది. నేను కళ్ళారా చూశాను. ఈగ కూడా సిగ్గుపడింది.

నేను పోయేసరికి ఆయన మంచి చిరాకులో ఉన్నాడు.

"ఎప్పటికి కావల్ల చెన్నప్పా?"

"లగ్నాల రోజులు గదా మామా, బిన్నా కావల్ల."

"నేను చేసేదానికి రెడీ. పెన్న యాడుందో చూపించు, కడుగుతా."

చూశాను. కనుచూపు మేర ఇసుక. ఆడవాళ్ళు ఇసుకలో చెలమలు తవ్వి, ఊరిన నీళ్ళను చెంబులతో తోడి బిందెలు నింపుకుంటున్నారు.

"ఊరంతా ఆ నీళ్ళే తాగల్ల. నా గుజ్జుకు పోస్తానంటే ఆ బిందెలతోనే నన్ను సాగనంపుతారు. రొంత నీళ్ళు దొరికితే ఒకసారి కడుగుతా. అంతే."

"ఒకసారి కడిగితే చాలదా మామా?"

"చాలదు" అన్నాడు. గడ్డం గోక్కుంటూ ఆకాశం వైపు చూసి, "కానీ చాలల్ల" అన్నాడు.

చెప్పిన రోజుకు కాగితం ఇచ్చాడు. వెన్న రంగులో ఉంది. అంచులు కత్తిరించలేదు. చేతికాగితానికి నాలుగువైపులా నూగులా ఉండే ఆ సహజమైన అంచును డెకిల్ ఎడ్జ్ అంటారు. దాన్ని కత్తిరించేవాడు చేతికాగితం కొనకూడదు. చెవి దగ్గర ఆడించాను, కొత్త పంచె చప్పుడు. వెలుతురుకు పట్టాను, లోపల దూది పోగులు మబ్బుల్లా ఉన్నాయి. మామ అటు తిరిగినప్పుడు నాలుకతో తాకాను. చురుక్కుమంది. ఆ పొద్దున నేను వేసుకున్న తాంబూలంలో సున్నం ఎక్కువైందనుకుని, మా ఆవిణ్ణి మనసులోనే నాలుగు మాటలని, కాగితం మూట బస్సెక్కించాను.

ఇక డిజైను. శుభలేఖ అంటే కలశమూ అరటిచెట్లూ అందరూ వేస్తారు. నాకేమో ఓబులేసు చేతులే కళ్ళ ముందు మెదిలేవి. ఎంత కడుక్కున్నా గోళ్ళ సందుల్లో శెనక్కాయల పొట్టు. సరే అని ఒక బ్లాకు చెక్కాను. బ్లాకు అంటే అచ్చుకోసం బొమ్మను ఉబ్బెత్తుగా చెక్కిన కొయ్యముక్క. కార్డు చుట్టూ శెనక్కాయ తీగ. పైన చిన్న చిన్న పువ్వులు, కింద వేళ్ళకు గుత్తులుగా కాయలు. పచ్చ సిరాలో తీగ, ఇటుకరంగులో కాయలు, నల్లటి అక్షరాలు. ట్రెడిల్ చేతికాగితాన్ని ఎప్పుడూ చూడలేదు గనక మొదట మొండికేసింది. కాగితాన్ని తడిగుడ్డల మధ్య పెట్టి మెత్తబరిచి, యంత్రాన్ని బుజ్జగించి, ఒకటి రెండుసార్లు కాలితోనూ నచ్చజెప్పి, అచ్చు వేశాను. కవరు కూడా అదే కాగితంతో. జిగురు లేదు, ఎర్ర నూలుదారంతో ముడి.

ప్రూఫ్, అంటే తప్పులు చూసుకోవడానికి తీసే మొదటి అచ్చు, ఓబులేసుకు చూపించాను. ఆయన కాయల గుత్తిమీద వేలు పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. ఆయన మాట్లాడకుండా ఉండటం పులివెందుల తాలూకాలో అంతకుముందు ఎవరూ వినలేదు.

"నా శేనే గదప్పా ఇది" అన్నాడు చివరికి. "కార్డు మీదికి ఎట్ల ఎక్కిచ్చినావు?"

లగ్నపత్రిక రోజు కట్టలన్నీ తీసుకుని పులివెందుల చేరాను. హాలు నిండా చాపలు, చాపల నిండా చుట్టాలు. నడుమ కుర్చీలో సుబ్బారాయుడు గారు. తెల్లటి లాల్చీ, జేబులోంచి తొంగిచూస్తూ మద్రాసు కార్డు. ఆ కుచ్చు నన్నే చూసి వెక్కిరిస్తున్నట్టుంది. వంటింటి గుమ్మంలో పెళ్ళికూతురు నాగరత్నమ్మ, నూరిన పసుపు గిన్నె చేత్తో పట్టుకుని నిలబడింది.

సుబ్బారాయుడు గారు మన కార్డును అటూ ఇటూ తిప్పి చూశారు.

"అంచులు ఎలుకలు కొరికినట్టున్నాయేమిటండీ?"

"అది డెకిలు... ఏందప్పా చెన్నకేశవా దాని పేరు? చెప్పు బిన్నా!"

చెప్పాను. ఆయన తల ఊపారు. తర్వాత కాయల మీద చూపు ఆగింది. "వేరుశెనగా! పెళ్ళికార్డు మీద!" అన్నారు. మెచ్చుకున్నారో ఎగతాళి చేశారో మా వైపు వాళ్ళం పసిగట్టలేకపోయాం. సర్కారు జిల్లాల మర్యాదలో అదే చిక్కు. మా ఓబులేసుకైతే నచ్చకపోతే కార్డు గాల్లో ఎగిరేది.

"పసుపు పెట్టించండి, చూద్దాం" అన్నారాయన.

ఓబులేసు అక్క లింగమ్మ, పెద్ద ముత్తయిదువ, దేవుడి పటం ముందు కార్డు పెట్టి నాలుగు మూలలా తడిపసుపు అద్దింది. అందరం దండం పెట్టుకున్నాం. కళ్ళు తెరిచేసరికి మూలల్లో పసుపు నారింజ పండు రంగులోకి తిరిగింది. నా కళ్ళు మసకేశాయనుకున్నాను. చూస్తుండగానే నారింజ ఎరుపైంది. మామూలు ఎరుపు కాదు, అప్పుడే తెగిన వేలిలాంటి ఎరుపు.

"రగతం! కార్డులోంచి రగతం కారతాండాది!" అని లింగమ్మ పెట్టిన కేకకు మిల్లులో ఎద్దులు బెదిరి గానుగను వెనక్కి తిప్పాయి.

హాలు మొత్తం లేచి నిలబడింది. ఎవరో అపశకునం అన్నారు, ఎవరో అయ్యవారిని పిలవమన్నారు. సుబ్బారాయుడు గారు ఒక అడుగు వెనక్కి వేశారు. ఆయన చెయ్యి నెమ్మదిగా జేబువైపు, మద్రాసు కార్డువైపు పోయింది. ఓబులేసు నావైపు తిరిగాడు. ఆ గొంతు మొదటిసారి చిన్నదైంది.

"ఏందప్పా ఇది? ఏం చేసినావు నన్ను?"

అప్పుడు వెలిగింది నాకు. చాలీచాలని నీళ్ళు, ఒక్కసారే కడిగిన గుజ్జు, చురుక్కుమన్న నాలుక. సున్నమూ సోడా కాగితంలోనే ఉండిపోయాయి! నేను లేచి, కండువా సర్దుకుని, నడిహాల్లోకి వచ్చి గంభీరంగా ఇట్లా అన్నాను:

"అయ్యా, భయపడకండి. ఇది రక్తం కాదు, పారాణి. పసుపూ సున్నమూ కలిసి ఎరుపెక్కే మన ఆడపడుచుల పారాణి. మద్రాసు కార్డుకు మీరే పసుపు పెట్టాలి, అది పసుపుగానే ఉండిపోతుంది. మా సీమ కాగితం అట్లా కాదు. పెళ్ళి కబురు తన మీద రాశారని తెలియగానే, పెళ్ళికూతురికన్నా ముందు తానే పారాణి పెట్టుకుంటుంది."

సుబ్బారాయుడు గారు వంగి గిన్నెలో వేలు ముంచి, ఇంకో కార్డు తీసుకుని స్వయంగా మూలకు అద్దారు. పసుపు, నారింజ, ఎరుపు. ఇంకో మూల. మళ్ళీ అంతే. ఆయన ముఖంలో అరవయ్యేళ్ళ పెద్దమనిషి పోయి, దీపావళి మతాబా చూస్తున్న పిల్లవాడు వచ్చి కూర్చున్నాడు.

"అబ్బబ్బ! ఏమండోయ్, మా వైపు కార్డులు కూడా ఈ కాగితం మీదే వేయించండి. మద్రాసువాడికి నేను చెప్పుకుంటాను."

ఓబులేసుకు గొంతు తిరిగొచ్చింది. "వినపడిందా అందరికీ? ఇంకోసారి చెప్పండి బావా, మా మిల్లులో వాళ్ళకు రొంత చెవుడు!"

ఆ తర్వాత జరిగింది పెళ్ళికన్నా పెద్ద పండగ. ప్రతివాళ్ళకూ ఒక కార్డు ఎర్రబరచాలని ఉంది. రగతమని అరిచిన లింగమ్మే గిన్నె ముందు కూర్చుని, "తొయ్యాకండి, అందరికీ ఇస్తా, వరసగా రాండి" అని అజమాయిషీ చేసింది. పక్కింటివాళ్ళు వచ్చారు, ఎదురింటివాళ్ళు వచ్చారు, పెళ్ళితో సంబంధం లేని ఒక బస్సు కండక్టరు వచ్చి రెండు మూలలు ఎర్రబరచి పోయాడు. బస్సు ఆగే ఉంది.

తర్వాత కథ ఇంకో రకం. ఈ కార్డు సంగతి పాకి ఆర్డర్లు వచ్చిపడ్డాయి. అంతలో వానలు కురిశాయి, పెన్న ఒడ్డులొరుసుకుని పారింది, ఖాసిం మామ ఆనందంగా గుజ్జును తనివితీరా కడిగాడు. కాగితం మల్లెపువ్వులా వచ్చింది. పసుపు పెడితే పసుపుగానే ఉంది. ఒక పెద్దమనిషి అంగట్లోకి వచ్చి, "నా కార్డు ఎర్రబడలేదేందప్పా? నీకు నేనేం తక్కువ చేసినా?" అని నిలదీశాడు. నేను జమ్మలమడుగు పరిగెత్తాను.

"మామా, రొంత సరిగ్గా కడగొద్దు."

ఆయన చట్రం కింద పెట్టేశాడు. "అరే, నోటితోనే అంటాండావా ఆ మాట? మా నాయన నా చెవి మెలేసి నేర్పిచ్చినాడు కడిగేది. చూడు, ఇప్పటికీ వంకరే. నా చేత్తో మురికి కాయితం చెయ్యమంటావా?"

"జనానికి అదే కావల్లంట మామా."

"జనానికి పిచ్చి పట్టింది, నీకు ముందే ఉండాది" అన్నాడు. కానీ పొయ్యి మీది టీ నాకు కూడా పోశాడు. అది తాగేలోగా దారి దొరికింది. కాగితాన్ని శుభ్రంగా కడుగుతాడు. ఆరాక నాలుగు మూలలకు మాత్రం సోడా కలిపిన సున్నపుతేట అద్దుతాడు. "నడుమంతా నా పని, మూలల్లో నీ గోల" అన్నాడు. ఇప్పటికీ మా పద్ధతి అదే.

ఈ వృత్తిలోకి వచ్చే కుర్రవాళ్ళు నన్ను సలహా అడిగితే చెప్పేది ఒక్కటే. కాగితం సిరాకు ఎట్లా ఉంటుందో చూడటంతో మన పని అయిపోదు. అది ఎవరింటికి పోతుందో, ఆ ఇంట్లో దాన్ని ఏం చేస్తారో అది కూడా ముందే చేసి చూడాలి. ఆ రోజునుంచి మా అంగట్లోకి ఏ కొత్త కాగితం వచ్చినా, చప్పుడు వినకముందే మూలకు తడిపసుపు పెట్టి చూస్తాను. నాలుక మీద నమ్మకం పోయింది. మా ఆవిడ తాంబూలాన్ని మాత్రం మళ్ళీ ఏమీ అనలేదు.

ఇక ఒప్పుకోవలసింది. జారిపడిన ఈగ, వెనక్కి తిరిగిన గానుగ, ఆగిన బస్సు, వీటిని మా ఆవిడ లెక్కలో తగ్గించుకుంటే నిజాలే. ఎరుపు నిజం, కేక నిజం, సుబ్బారాయుడు గారు వేలు ముంచడం నిజం. కల్పించింది నడిహాల్లో నేనిచ్చిన ఆ గంభీరోపన్యాసం. అందులో ఒక్క ముక్క నేను అనలేదు. అన్నది నాగరత్నమ్మ. గుమ్మంలోంచే పకపకా నవ్వి, "రగతమేందత్తా, కండ్లు కనపళ్ళేదా? కాయితంలో సున్నముండాది, పసుపు ఎర్రగాదా? నాకంటే ముందు నా కార్డే పారాణి పెట్టుకున్యాది, దీనికే బో తొందరగా ఉండాది పెండ్లికి!" అంది. సుబ్బారాయుడు గారు మద్రాసు కార్డును జేబులోకి తోసేసింది నా కాగితాన్ని చూసి కాదు, కాబోయే కోడలి నవ్వు చూసి.

మరి నేనంటారా? ఓబులేసు నావైపు తిరగ్గానే పెరటి గుమ్మం దగ్గరికి పోయి నా చెప్పులు వెతుక్కుంటున్నాను. నాగరత్నమ్మ నవ్వు వినిపించేసరికి ఒకటి దొరికింది కూడా.